తలుపు పక్కన కత్తెర

టేకు కాలిన వాసన ఒకటుంటుంది. కట్టెల పొయ్యి వాసన కాదది. గిర్రున తిరుగుతున్న మెషీను బిట్టు ఒక్క చోట రెండు క్షణాలు ఎక్కువ ఆగితే చెక్క అంచు నల్లబడుతుంది. ఆ వాసన కొంచెం తీపి, కొంచెం చేదు. ముక్కులో పట్టుకుందంటే సాయంత్రం దాకా వదలదు. ఇవాళ పొద్దున తెనాలిలో మా షెడ్డులో ఆ వాసన వచ్చింది. పన్నెండేళ్ళుగా చెక్క కోసే రూటర్ మెషీను పడుతున్నదాన్ని, చేతులు ఆపితే చెక్క కాలుతుందని తెలియక కాదు. కోలగా ఉండే భోజనాల బల్ల ఒకటి కోస్తున్నాను. సగం చుట్టు అయింది. తలెత్తి చూస్తే మా వియ్యంకుడు గారు. గుమ్మంలో సుద్దతో గీసిన గీత దాటి లోపలికి వచ్చేసి, నా పక్కనే నిలబడి, మెషీను మీదికి వంగి చూస్తున్నారు. ఆయన కుడి మణికట్టుకి ఎర్ర కంకణం. దాని కొస బెత్తెడు వేలాడుతోంది. నా చెయ్యి ఆగిపోయింది, మెషీను ఆగలేదు. స్విచ్చి నొక్కేలోగా అంచు కాలింది.

"చెయ్యి చూపించండి అన్నయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వుతూ అరచెయ్యి చాపి, జాతకాలు కూడా చెబుతారా చెల్లెమ్మా అన్నారు. నేను తలుపు పక్క మేకుకి వేలాడే కత్తెర తీసుకొచ్చి, కంకణం కత్తిరించుకుంటారా, గీత అవతల నిలబడతారా, ఏదో ఒకటి చెప్పమన్నాను. పెళ్ళయి ఏడాది కూడా కాని కూతురి మామగారితో అలా మాట్లాడతారా ఎవరైనా? మాట్లాడరు. ఒకప్పుడు నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఒకప్పుడు నేను ఎంత మర్యాదస్తురాలినో చెబితే మీకు ఈ కత్తెర సంగతి అర్థమవుతుంది.

ఆ కత్తెర నాది కాదు. రేపల్లెలో కోటాచారి గారిది. మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. స్టేషను దాటాక రెండో సందులో రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు, ఇంట్లో ఆయన భార్య రాజ్యం పిన్ని. అంతే ఆయన ప్రపంచం. గుండ్రంగా గానీ కోలగా గానీ ఉన్న వస్తువు కావాలంటే మాత్రం అటు బాపట్ల నుంచి ఇటు కొల్లిపర దాకా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. నలుచదరపు బల్లలు ఆయన చేసేవారు కాదు. అవి చెయ్యడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారుగా అనేవారు.

నేను బాపట్లలో ఒక ప్రైవేటు బళ్ళో డ్రాయింగ్ టీచరుగా ఉన్నప్పుడు ఆయన్ని మొదటిసారి చూశాను. స్టాఫ్ రూములోకి గుండ్రటి బల్ల బిగించడానికి వచ్చారు. వార్షికోత్సవం కోసం నేను ఒక అట్ట మీద రెండు గుండుసూదులు గుచ్చి, వాటికి దారం తగిలించి, పెన్సిలుతో కోలగా ఒక ఆకారం గీస్తున్నాను. పక్క టీచరు ఎవరో కోడిగుడ్డు భలే కుదిరిందే అంది. ఆయన స్క్రూ బిగించడం ఆపి, అది గుడ్డు కాదండి టీచరమ్మగారూ, గుడ్డుకి ఒక కొస సన్నంగా ఉంటుంది, ఇది రెండు పక్కలా ఒక్కటే అన్నారు. అది నాకు తెలుసు. తెలిసినా కోడిగుడ్డు అంటే ఊరుకున్నాను, ఆవిడ నొచ్చుకుంటుందని. ఆయన ఊరుకోలేదు. కాగితం మీద గీయడం అయ్యాక చెక్క మీద గీయాలనిపిస్తే రేపల్లె రండి అని చెప్పి వెళ్ళిపోయారు.

రెండేళ్ళకి ఆ బళ్ళో డ్రాయింగ్ తీసేశారు. మార్కులు రాని సబ్జెక్టుకి టీచరెందుకు అన్నారు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. మా అమ్మాయి ఆరో తరగతి. తెనాలిలో ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే పిచ్చెక్కేది. ఒకరోజు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కేశాను. వేమూరు దాటాక గానీ, నేనేం చేయబోతున్నానో నాకే తట్టలేదు. దిగి వెళ్ళి నేర్చుకుంటానన్నాను. ఆయన నవ్వలేదు, ఆడవాళ్ళకెందుకండీ అనలేదు. నా చేతులకేసి చూసి, ఆ గాజులు గీత ఇవతల పెట్టేసి రండి అన్నారు.

గుమ్మానికి లోపలగా సుద్దతో గీత గీసి ఉంది. దాన్ని దాటి లోపలికి వెళ్ళాలంటే ఉంగరం, వాచీ, గాజు, దారం ఏదీ ఉండకూడదు. పైట బిగించి దోపాలి, మెడలో గొలుసు జాకెట్టు లోపల వెయ్యాలి. మెషీను నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుందనీ, దానికి వేలూ తెలియదు, చెక్కా తెలియదనీ చెప్పారు. నేను గాజులు తీశాను. ఆ కబురు ఎలా తెలిసిందో మా అత్తగారికి తెలిసింది. ముత్తైదువవి, బోసి చేతులతో పనేంటని ఆవిడ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను ఇక మానేద్దామనుకున్నాను కూడా. ఈ తగువు తీర్చింది రాజ్యం పిన్ని. గుమ్మం పక్కన ఇంకో మేకు కొట్టించి, నీ గాజులు ఇక్కడ నా కళ్ళ ముందు ఉంటాయే పిల్లా, బయటికి రాగానే నా చేత్తో నేనే తొడుగుతాను, మీ అత్తగారికి చెప్పు అంది. చెప్పినట్టే చేసింది. ఎన్ని వందలసార్లు తొడిగిందో, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

గుండ్రంగా కొయ్యడానికి ఆయన వాడేది పెద్ద యంత్రమేమీ కాదు. మూరెడు పొడుగు ప్లైవుడ్ పట్టీ. దాని ఒక కొసకి రూటర్ బిగిస్తారు, రెండో కొసకి మేకు. ఆ మేకు చెక్క మధ్యలో దిగుతుంది. మెషీను దాని చుట్టూ తిరుగుతుంది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆయన స్విచ్చి వేసేలోగా చేసే పని గంట ఉండేది. బిట్టు మార్చాలంటే ముందు ప్లగ్గు పీకి చొక్కా జేబులో పెట్టుకునేవారు. గోడకున్న స్విచ్చిని నమ్మేవారు కాదు. ఎవరో లైటనుకుని వేస్తారు, జేబులో ఉన్న ప్లగ్గుని మాత్రం ఎవరూ వెయ్యలేరు అనేవారు. ఆ తర్వాత, ప్లగ్గు జేబులో ఉండగానే, మెషీనుని ఒక పూర్తి చుట్టు తిప్పేవారు. దాన్ని ఉత్తి చుట్టు అనేవారు. వైరు ఎక్కడ తట్టుకుంటుంది, మోచెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుంది, కాలు ఎక్కడ మార్చుకోవాలి, అన్నీ ఆ ఉత్తి చుట్టులోనే తెలియాలి. అసలు చుట్టులో కొత్తగా తెలిసేది ఏదీ ఉండకూడదు.

కోత కూడా ఒక్కసారిగా దించనిచ్చేవారు కాదు. చుట్టుకి మూడు మిల్లీమీటర్లు. తొందరపడి ఐదు దించితే మెషీను చేతిలో గుంజుకుంటుంది. అన్నిటికంటే ఆఖరి చుట్టు చెడ్డదని చెప్పేవారు. అప్పటిదాకా పలకని పట్టుకుని ఉన్న ముక్క ఆ చుట్టులో విడిపోతుంది, విడిపోయిన ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. అందుకని అడుగున ఇంకో పలక వేసి, రెండు వైపులా అంటుకునే టేపుతో ముక్కని దానికి అతికించేవారు. నేను మొదటిసారి సొంతంగా కోసిన టీ బల్ల అర అంగుళం చిన్నదైంది. మేకు నుంచి బిట్టు మధ్యకి కొలిచాను, బిట్టు లోపలి అంచుకి కొలవాలి. ఆయన ఆ పట్టీ మీద పెన్సిలుతో 'లోపలి అంచు' అని నా చేతే రాయించారు. ఆ టీ బల్ల పిన్ని గంగాళం మీద మూతయింది.

సాయంత్రం షెడ్డు ఊడ్చి బయటికి వచ్చేటప్పుడు గీత దగ్గర ఆగి రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళన్నీ విప్పి, పదీ ఉన్నాయి అనేవారు. నేనూ ఎత్తి చూపించాలి. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత అలవాటైపోయి ఇంటికొచ్చాక మా అమ్మాయికి కూడా చూపించేదాన్ని. అది ఏంటమ్మా నీ గోల అనేది.

ఇక కత్తెర సంగతి. గీత పక్కన మేకుకి ఒక పాత దర్జీ కత్తెర వేలాడేది. అది చెక్క పనికి కాదు, దారాల కోసం. మన చేతులకి దారాలకేం కొదవ? నోములు, వ్రతాలు, గుడికెళితే ఒకటి, పెళ్ళికెళితే ఒకటి. నేను చేరిన ఏడాదికి శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం చేసుకుని, మర్నాడు చేతికి తోరంతో షెడ్డుకి వెళ్ళాను. తొమ్మిది పోగుల పసుపు దారం, తొమ్మిది ముళ్ళు. ఆయన నా చెయ్యి పట్టుకుని, అడగను కూడా అడగకుండా కత్తిరించేశారు. కత్తిరించి కళ్ళకద్దుకుని కాగితంలో చుట్టి నాకే ఇచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారు కట్టిన తోరం అది. గాజుల గొడవ తర్వాత ఆవిడ మనసు కాస్త మెత్తబడి, తన చేత్తో కట్టిన మొదటి తోరం. ఇంటికి వెళ్ళి ఏం చెప్పుకోను? పోట్లాడటం నాకు చేతకాదు. మాట్లాడటం మానేశాను. వారం రోజులు రైలెక్కి వెళ్ళడం, పని చేయడం, తిరిగి రావడం. ఆయన రోజూ పొద్దున పలకరించి, జవాబు రాకపోతే, కోపం తగ్గాకే మాట్లాడండి టీచరమ్మగారూ, నాకేం తొందర లేదు అని తన పని తను చేసుకునేవారు. ఎనిమిదో రోజు నేనే మాట్లాడాను. ఆయన ముఖం ఎంత తేలికపడిందో ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అంత బాధపడ్డారని అప్పటిదాకా నాకు తెలియదు.

కోల బల్లకి వేరే సాధనం. పెద్ద చెక్క పలక మీద నిలువుగా ఒక గాడి, అడ్డంగా ఒక గాడి తొలుస్తారు. దాన్ని ఆయన ప్లస్సు అనేవారు. రెండు గాళ్ళలో రెండు చిన్న ముక్కలు జారుతుంటాయి. రూటరు పట్టీ ఆ రెండు ముక్కలకీ బిగుస్తుంది. మెషీను తిరుగుతుంటే ఒక ముక్క ఇటూ ఒకటి అటూ జారుతూ, వృత్తం సాగి కోలగా అవుతుంది. నేను అట్ట మీద దారంతో గీసిందే ఇక్కడ మెషీను గీస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ చేతికి కష్టం. గుండ్రటి కోతలో చెయ్యి ఒక్క తీరుగా పోతుంది. ఇందులో పొడుగు వైపు నెమ్మదిగా పోయి, కొస దగ్గరికి వచ్చేసరికి గబుక్కున తిరుగుతుంది, మణికట్టు కూడా దానితో మెలిపడుతుంది. అందుకే పెద్ద కోల బల్లల ఆఖరి చుట్టు ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఆ కార్తీకంలో బాపట్ల ఆసామి ఒకాయన సూర్యలంక దగ్గర కట్టుకున్న ఇంటికి ఆరడుగుల కోల బల్ల కావాలన్నాడు. అదే నెలలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. తెనాలిలో సొంతంగా షెడ్డు వేసుకుందామని మా ఆయన ఒప్పుకున్న సంబరం అది. మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. కోటాచారి బాబాయి గారినీ పిన్నినీ పిలిచి పెద్దలుగా పీటల పక్కన కూర్చోబెట్టాను. కంకణాలు కట్టేటప్పుడు పంతులుగారు మా ఇద్దరికే కట్టబోతే, ఆయనకీ కట్టండి, నాకు పని నేర్పిన గురువు అని నేనే చెప్పి కట్టించాను. బాబాయి గారు చెయ్యి చాపారు. పసుపు కొమ్ము ముడేసిన లావుపాటి దారం. మూడు రోజులు తీయకూడదు సుమండీ అని మా అత్తగారు అందరికీ వినపడేలా చెప్పారు. తీయనని ఆయన తలూపారు.

మర్నాడే కోల బల్ల ఆఖరి చుట్టు. నా కంకణం నేను రైలు దిగగానే తీసి బ్యాగులో వేసుకున్నాను. అత్తగారు అక్కడ లేరుగా. షెడ్డులోకి వెళ్ళేసరికి ఆయన ప్లగ్గు జేబులో పెట్టుకుని ఉత్తి చుట్టు మొదలుపెడుతున్నారు. ఆయన చేతికి కంకణం ఉంది. నేను చూశాను. ఇక్కడ దాచడానికేం లేదు, స్పష్టంగా చూశాను. బల్ల కొస దగ్గర మణికట్టు మెలితిరిగినప్పుడు దారం కొస మెషీనుకి తగిలింది. ఆయన చెయ్యి కొంచెం ఎత్తారు. తలుపు పక్కన కత్తెర వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను పైకెత్తి పట్టుకున్న వైరు వైపు చూపు తిప్పుకున్నాను. నేను కోరి కట్టించిన కంకణం, నా కొత్త షెడ్డు కోసం చేసిన వ్రతం, ఒక్కరోజు కూడా కాకుండా తెంపితే బాగుండదేమో అనిపించింది. తెంపమని చెప్పడానికి నోరు రాలేదు. ఆయనంతట ఆయనే తెంపుతారులే అనుకున్నాను. ఆయన దారం కొసని కంకణం లోపలికి దోపి, ప్లగ్గు పెట్టారు.

మిగతావన్నీ సవ్యంగానే ఉన్నాయి. అడుగున పలక ఉంది, టేపు ఉంది, వైరు నా చేతిలో ఉంది. మొదటి కొస బాగానే తిరిగింది. రెండో కొస దగ్గర దోపిన దారం జారి బయటికి వచ్చింది. మెషీను మూతికీ పీటకీ మధ్య బిట్టుని పట్టుకునే నట్టు బయటికే కనిపిస్తూ తిరుగుతుంటుంది, దారం దానికి చుట్టుకుంది. పంతుళ్ళు కట్టే దారం తేలిగ్గా తెగదు. తెగి ఉంటే బాగుండేది. నేను వైరు లాగి ప్లగ్గు ఊడదీసేలోగా అంతా అయిపోయింది. టేకు కాలిన వాసన షెడ్డంతా నిండిపోయింది. తెనాలి ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళాం. దారి పొడుగునా పిన్ని ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుడి చేతి చిటికెన వేలు పూర్తిగా, ఉంగరం వేలు సగం పోయాయి.

ఉలి పట్టు ఆ రెండు వేళ్ళలోనే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అన్నం ముద్ద కూడా సరిగా నిలిచేది కాదు. చెంచాతో తినడం మొదలుపెట్టి, బంతిలో అందరి ముందు చెంచా పట్టుకోవడం నామోషీ అనిపించి, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. నేను రోజూ వెళ్ళేదాన్ని. వెళ్ళి కూర్చుని, ఇవాళ చెప్పేయాలి, నేను చూశానని చెప్పేయాలి అనుకుని, చెప్పకుండానే సాయంత్రం రైలెక్కేదాన్ని. రాత్రి అన్నం ముందు కూర్చుంటే నా వేళ్ళే నాకు కనపడేవి. ఆయన నన్ను ఒక్క మాట అనకపోవడం భరించలేకపోయేదాన్ని. ఆయనకి తెలియదనుకున్నాను. తెలియకపోవడం వల్లే నన్ను ఇంకా అంత ఆప్యాయంగా చూస్తున్నారనీ, తెలిస్తే ఆ గుమ్మం తొక్కనివ్వరనీ అనుకున్నాను.

నెలన్నర తర్వాత ఆయనే గొడవ చేశారు. బల్ల సగం చుట్టులో ఆగి ఉంది, దాన్ని నన్నే పూర్తి చేయమన్నారు. నా వల్ల కాదన్నాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీ గీతకి అవతల వేయించుకుని కూర్చున్నారు. కట్టు కట్టిన చెయ్యి ఉన్నవాడిని, నాకు లోపలికి రావడానికి లేదు అన్నారు. మూడుసార్లు ఉత్తి చుట్టు తిప్పించారు. నాలుగోసారి ప్లగ్గు పెట్టమన్నారు. ఆయన ఆగిన చోట నల్లటి మచ్చ ఉంది, అక్కడి నుంచే మొదలుపెట్టాను. చుట్టు పూర్తయి ముక్క విడిపోయి, టేపు మీద కదలకుండా అలాగే నిలబడింది. బయటికి వచ్చాక పిన్ని గాజులు తొడుగుతుంటే ఏడ్చాను. ఆయన మాత్రం రెండు చేతులూ ఎత్తి, నావి ఎనిమిదిన్నర, నీవి చూపించు అన్నారు. అంతవరకూ మీరు అనే మనిషి, మొదటిసారి నువ్వు అన్నారు.

బల్లని వ్యానులో సూర్యలంక తీసుకెళ్ళి బిగించి వచ్చేటప్పుడు, ఇంత దూరం వచ్చాం, సముద్రం చూసి వెళదామన్నారు. మధ్యాహ్నం ఎండ, ఒడ్డున పెద్దగా జనం లేరు. వలలు ఆరేసిన చోటికి ఇవతల ఇసకలో కూర్చున్నాం. నేను ఇక ఆపుకోలేకపోయాను.

"బాబాయి గారూ, ఆ రోజు మీ చేతికి కంకణం ఉండటం నేను చూశానండి. చూసి కూడా చెప్పలేదు" అన్నాను.

ఆయన చెప్పులో ఇసక దులుపుకున్నారు.

"నువ్వు చూడటం నేనూ చూశానమ్మా" అన్నారు. "శ్రావణంలో నీ తోరం తెంపితే వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఇది నువ్వు ముచ్చటపడి కట్టించింది. నీ ఎదురుగా తెంపితే మళ్ళీ నొచ్చుకుంటావని ఊరుకున్నాను. కంకణం కట్టుకుని గీత దాటితే ఎవడినైనా బయటికి గెంటేవాణ్ణి. నన్ను నేను గెంటుకోలేదు."

నా మౌనం ఒక్కటే తప్పనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నా అలక కూడా ఉందని అప్పుడు తెలిసింది. ఆయనే మళ్ళీ, ఇద్దరం మొహమాటపడ్డాం, ఇక అయిపోయింది, లే, వ్యాను వాడు ఎదురుచూస్తుంటాడు అన్నారు. లేస్తూ, ఎడమ చెయ్యి నాకు అందించి, "నాకు ఇంకేం వద్దు. ఇకమీదట ఎవరు అలిగినా సరే, నువ్వు మాత్రం చెప్పు" అన్నారు.

తర్వాత తొమ్మిదేళ్ళు బతికారు. కుర్చీలో కూర్చునే నాకు మిగతా పనంతా నేర్పారు. గుమ్మం తోరణాల వంపులు, అద్దాల చట్రాలు, కోలలో కోల. తెనాలి షెడ్డు ఆయన చేతుల మీదే తెరిచాం. సుద్దతో గీత ఆయనే గీశారు, మిగిలిన మూడు వేళ్ళతో. కాస్త వంకరగా వచ్చింది. నేను అది చెరిగినప్పుడల్లా ఆ వంకరతోనే మళ్ళీ గీస్తుంటాను. కిందటేడు చలికాలంలో నెమ్ము చేసి పోయారు. పెద్దకర్మ అయ్యాక పిన్ని కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టి, దీనితో నాకేం పని, నువ్వు తీసుకుపో అంది. గాజుల మేకు మాత్రం ఇవ్వనంది. అప్పుడప్పుడూ వెళ్ళి కూర్చుంటాను. నా గాజులు ఊరికే తీసి మళ్ళీ తొడుగుతుంది.

ఆయన చెప్పమన్నట్టే చెబుతున్నాను. చెప్పి చెప్పి అలసిపోయాను, అది నిజం. షెడ్డుకి వచ్చే ప్రతివాడికీ మణికట్టు మీద ఏదో ఒకటి ఉంటుంది. కొందరు నవ్వుతారు, కొందరు దేవుడి దారం తెంపుతావా అని పోట్లాడతారు. మా వీధిలో నన్ను కత్తెరమ్మ అంటారని తెలుసు. యాభై ఏళ్ళ మనిషిని, ఒకప్పుడు పక్క టీచరు నొచ్చుకుంటుందని కోడిగుడ్డు కానిదాన్ని కోడిగుడ్డు అననిచ్చినదాన్ని, రోజుకి నలుగురితో మాట పడటం ఏమంత సుఖంగా ఉంటుంది?

ఇవాళ మా వియ్యంకుడు గారు, ఇది మా పెద్దమ్మాయి గృహప్రవేశంలో కట్టింది చెల్లెమ్మా, నేను మెషీను ముట్టుకోను, ఊరికే చూస్తాను అన్నారు. అయితే గీత అవతల నుంచి చూడండి అన్నయ్యగారూ అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. నేను కత్తెర దించలేదు. ఆయన వెనక్కి తిరిగి, గీత దాటి, చెప్పులు వేసుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. అరగంటకి మా అమ్మాయి ఫోను. ఏంటమ్మా నువ్వు, కత్తెర పట్టుకుని ఎదురుగా నిలబడ్డావట, నేను ఈ ఇంట్లో ఉండాలా వద్దా అని ఏడ్చింది. రేపు వచ్చి ఆయనకి నచ్చజెబుతానని చెప్పాను. వెళతాను, తల వంచుకుని నాలుగు మాటలు పడతాను. అది నాకేం కష్టం కాదు.

ఫోను పెట్టేసి, ప్లగ్గు జేబులో వేసుకుని, మళ్ళీ ఒక ఉత్తి చుట్టు తిప్పి, ఆగిన చోట నుంచి కోత పూర్తి చేశాను. అంచు మీద కాలిన మచ్చ ఉండిపోయింది, రేపు గరుకు కాగితం పట్టాలి. షెడ్డు ఊడ్చి, గీత దగ్గర ఆగి, చేతులెత్తి చూసుకున్నాను. వియ్యంకుడు గారు అలిగి వెళ్ళారు, నిజమే. పది వేళ్ళతో వెళ్ళారు.